సిగ్గు కప్పే సరదా మాటలు: బ్రిటన్ నానుళ్ళ పుట్టుక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇదంతా ఏ మాటల గురించి?

నలుగురిలో పొట్ట గుర్రుమన్నప్పుడు, ప్యాంటు జిప్పు పెట్టుకోవడం మరిచినప్పుడు, నోరు జారి బూతు దొర్లినప్పుడు, మాట మధ్యలో లేచి బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు బ్రిటన్ జనం అసలు సంగతి పేరెత్తకుండా వాడే మాటల గురించి. మన ఇళ్ళలో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరితే "కొండెక్కింది" అంటాం. గడప దాటేవాళ్ళు "వెళ్ళొస్తా" అంటారు. మనవాటి వెనక అపశకునం భయం ఉంది, వాళ్ళవాటి వెనక తలవంపుల భయం ఉంది. పేరెత్తకుండానే సంగతి తెలియజెయ్యడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

అక్కడ చదువుకునే, ఆస్పత్రుల్లోనూ ఐటీ ఆఫీసుల్లోనూ పనిచేసే తెలుగువాళ్ళకి ఈ మాటలు తరచూ తగులుతుంటాయి. అర్థంకాక బిత్తరపోవడమూ జరుగుతుంది, అర్థమైందనుకుని తప్పుచోట వాడడమూ జరుగుతుంది. అందుకని పుట్టుకతోపాటు వాడకం కూడా చెబుతున్నాం.

"మోర్ టీ, వికర్?" అంటే ఏమిటి? మధ్యలో ఫాదరీ ఎందుకొచ్చాడు?

"ఇంకాస్త టీ పొయ్యమంటారా, ఫాదర్‌గారూ?" అని అర్థం. ఎవరికో తేన్పో, అపానవాయువో పైకి వినిపించేలా వచ్చేసింది. గదంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. అప్పుడు ఒకరు ఈ మాట అంటారు. అందరూ నవ్వేస్తారు, సంగతి అక్కడితో అయిపోతుంది.

వికర్ అంటే ఇంగ్లండ్ చర్చిలో ఒక పేటకి బాధ్యుడైన మతగురువు. పేటలోని ఇళ్ళకి వెళ్ళి పలకరించడం ఆయన పనుల్లో ఒకటి. ఆయన వస్తున్నాడంటే ముందుగదిలో మంచి కప్పులూ సాసర్లూ బయటికి తీసేవారు, పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టేవారు. మనింటికి పెళ్ళిచూపులవాళ్ళు వచ్చినప్పుడు ఉండే బిగువు లాంటిదే ఇది. అంత బిగువులో ఆ చప్పుడు వినిపిస్తే ఇల్లాలు చెయ్యగలిగింది ఒక్కటే: ఏమీ విననట్టు టీ కెటిల్ అందుకోవడం. ఆ ఊహా దృశ్యమే నానుడి అయింది. నానుళ్ళ నిఘంటువులు దీన్ని 1920, 30 దశకాల కాలానిదిగా చూస్తాయి. దీన్ని మొదట అన్నది ఫలానా ఇల్లాలు అనే కథ ఏదైనా చెబితే నమ్మొద్దు. టీ, ఫాదరీ, ముందుగది ఈ మూడూ ప్రతి పేటలోనూ ఉన్నవే.

ఈ మాట ఎవరు అనాలి? ఎప్పుడు అనాలి?

ఇక్కడే కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. కొన్ని లెక్కలున్నాయి.

చప్పుడు వచ్చిన రెండు మూడు సెకన్లలోపే అనాలి. ఆలస్యమైతే అందరూ మరిచిపోయినదాన్ని మళ్ళీ తవ్వినట్టవుతుంది. చప్పుడు చేసినవాళ్ళు అంటే మంచిది. వేరేవాళ్ళు అనాలంటే ఆ మనిషితో చనువుండాలి. గొంతు మామూలుగా, నిజంగానే టీ అడుగుతున్నట్టు ఉండాలి. అనేముందే నవ్వితే సగం చచ్చిపోతుంది. ఒక్కసారే అనాలి. గదిలో నిజంగా ఒక వికర్ కూర్చుని ఉంటే మాత్రం నోరు కట్టేసుకోవడం మేలు, ఎందుకంటే అప్పుడది ఆయన్ని ఎత్తిపొడిచినట్టు వినిపిస్తుంది.

ఈ మాట అన్నాక ఎవరూ "అంటే ఏంటి?" అని అడక్కూడదు. అర్థం చెప్పాల్సి వస్తే, ఏది కప్పడానికి అన్నారో అదే బయటపడుతుంది. తెలియకపోతే చిన్నగా నవ్వి ఊరుకోండి, తర్వాత విడిగా అడగండి.

"స్పెండ్ ఎ పెన్నీ" 1851లో పుట్టిందంటారు, నిజమేనా?

సగం నిజం. ఆ సగం ఏదో తెలుసుకుంటే మిగతా నానుళ్ళని పరీక్షించడం కూడా వచ్చేస్తుంది.

"పెన్నీ ఖర్చుపెట్టి వస్తా" అంటే బాత్రూముకి వెళ్ళొస్తానని. 1851లో లండన్ హైడ్ పార్కులో, క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గాజు భవనంలో గ్రేట్ ఎగ్జిబిషన్ జరిగింది. దాదాపు 60 లక్షల సందర్శనలు నమోదయ్యాయి. జార్జ్ జెన్నింగ్స్ అనే పారిశుధ్య ఇంజనీరు అక్కడ నీళ్ళతో శుభ్రమయ్యే మరుగుదొడ్లు పెట్టించాడు. వాటిని డబ్బిచ్చి వాడుకున్నవారు 8,27,280 మంది అని లెక్క దొరుకుతుంది. తర్వాత లండన్ వీధుల్లోనూ, రైల్వే స్టేషన్లలోనూ డబ్బు తీసుకునే దొడ్లు వచ్చాయి. రేటు దశాబ్దాల తరబడి ఒక పెన్నీయే.

తలుపుకి ఇత్తడి తాళం ఉండేది, దానికి నాణెం పట్టేంత చీలిక. పాత పెన్నీ చిన్న నాణెం కాదు, కంచుది, దాదాపు 31 మిల్లీమీటర్ల అడ్డకొలత, 9.4 గ్రాముల బరువు. అది లోపలికి పడితే గడియ వదులవుతుంది, పిడి తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. బయటికొచ్చేవాళ్ళు తలుపు మూసుకోనివ్వకుండా పట్టుకుంటే తర్వాతి మనిషికి పెన్నీ మిగిలేది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరికొకరు చేసుకున్న మేలు అది. మగవాళ్ళు నిలబడి వాడేచోట సాధారణంగా డబ్బు తీసుకునేవారు కాదు. గడి లోపలికి వెళ్ళక తప్పని ఆడవాళ్ళే ప్రతిసారీ పెన్నీ ఇచ్చేవారు. అందుకే ఇది ఎక్కువగా ఆడవాళ్ళ నోట వినిపించిన మాట. పైకి సరదాగా వినిపించినా దీని అడుగున ఒక అన్యాయం ఉందని గుర్తుపెట్టుకోవాలి.

ఇక మాట సంగతి. "స్పెండ్ ఎ పెన్నీ" అచ్చులో తొలిసారి కనిపించేది 1945లో, ఒక నవలలో. ఎగ్జిబిషన్‌కీ దానికీ మధ్య 94 ఏళ్ళు. అలవాటు 1851 నాటికే ఉంది, మాట కూడా అప్పుడే పుట్టిందనడానికి ఆధారం లేదు. అలాగని 1945లోనే పుట్టిందనీ అనలేం. బాత్రూము గురించిన మాటల్ని ఆనాటి పత్రికలు అచ్చువేసేవి కావు, కాబట్టి ఇలాంటివి నోటిమీద చాలాకాలం నడిచి ఆలస్యంగా కాగితమెక్కుతాయి.

ఇప్పుడు పెన్నీతో పనవుతుందా? మాట ఇంకా బతికే ఉందా?

1971 ఫిబ్రవరి 15న బ్రిటన్ దశాంశ నాణేలకి మారింది. అంతకుముందు పౌనుకి 240 పెన్నీలు, ఆ తర్వాత 100. కొత్త పెన్నీ పాతదానికి 2.4 రెట్లు, సైజు మాత్రం చిన్నది. పాత తాళాలన్నీ పనికిరాకుండా పోయాయి. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1963లో, పురపాలక మరుగుదొడ్లలో తిరుగుడు గేట్లు ఉండకూడదని ఒక చట్టమే వచ్చింది. గర్భిణులు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, పెట్టెలు పట్టుకున్నవాళ్ళు ఆ గేట్లలో ఇరుక్కుపోయేవారు. పార్లమెంటు సభ్యురాలు బార్బరా కాజిల్ దీనికోసం గట్టిగా పోరాడారు. నెట్‌వర్క్ రైల్ నడిపే పెద్ద స్టేషన్లలో రుసుము 2019లో పూర్తిగా ఎత్తేశారు.

మాట పెద్దవాళ్ళ నోట ఇంకా ఉంది. అరవై దాటినవారితో నిశ్చింతగా వాడొచ్చు. కుర్రవాళ్ళకి అర్థమవుతుంది, కానీ అమ్మమ్మ మాటలా వినిపిస్తుంది. ఆఫీసులో దారి అడగాలంటే "లూ ఎక్కడ?" అంటే చాలు.

మరి "లూ" ఎక్కడిది? ఎడిన్‌బరో కథ నిజమేనా?

ఎడిన్‌బరోలో పాతకాలంలో మేడమీంచి మురికినీళ్ళు వీధిలోకి కుమ్మరించేముందు "గార్డీ లూ!" అని కేకవేసేవారు. "నీళ్ళు, జాగ్రత్త" అనే అర్థమున్న ఫ్రెంచి మాటకి అది స్థానిక రూపం. ఇంతవరకూ నిజమే, 18వ శతాబ్దపు రాతల్లో ఈ కేక ఉంది. "లూ" దాన్నుంచే వచ్చిందనడమే నిలబడదు. మరుగుదొడ్డి అనే అర్థంలో "లూ" స్పష్టంగా దొరికేది 20వ శతాబ్దంలో, అదీ ముఖ్యంగా 1930, 40 దశకాల్లో, ఇంగ్లండ్ పైతరగతి వాళ్ళ మాటల్లో. ఎడిన్‌బరో వీధికేక ఆగిపోయాక నూరేళ్ళకి పైగా ఎక్కడా జాడ లేకుండా, అకస్మాత్తుగా లండన్ డ్రాయింగ్ రూముల్లో ఎలా తేలింది? ఆ మధ్య దారి ఎవరూ చూపించలేదు. నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ పేరుమీద ఆడిన మాటల ఆట అనేది ఇంకో ఊహ. 1922లో వచ్చిన జేమ్స్ జాయిస్ "యులిసిస్" నవలలో వాటర్లూనీ వాటర్ క్లోజెట్‌నీ, అంటే నీళ్ళ మరుగుదొడ్డినీ, పక్కపక్కన పెట్టిన చమత్కారం ఒకటుంది కాబట్టి దీనికి కాస్త బలం ఉంది. తేలిన తీర్పు లేదు.

"కుక్క గురించి ఒకాయన్ని కలవాలి" అని లేచి వెళ్ళిపోతారు. ఏ కుక్క?

ఏ కుక్కా లేదు. "సీ ఎ మ్యాన్ అబౌట్ ఎ డాగ్" అంటే నేను లేస్తున్నాను, ఎందుకని అడక్కండి అని. తొలి ఆధారం గట్టిది. డబ్లిన్‌లో పుట్టిన నాటకకర్త డయాన్ బూసికో రాసిన "ఫ్లయింగ్ స్కడ్" 1866లో లండన్ హోబర్న్ థియేటర్‌లో ఆడింది. గుర్రప్పందేల నాటకం, పేరు కూడా పందెపుగుర్రానిదే. అందులో ఒక పాత్ర ఇబ్బందికరమైన మనిషి నుంచి తప్పించుకోవడానికి ఈ మాట అంటుంది. మాట గురించి నాటకంలో వివరణేమీ లేదు. ప్రేక్షకులకి చెప్పకుండానే అర్థమయ్యే సాకు అన్నమాట. పందేల లోకంలో కుక్కల కొనుగోళ్ళూ, పందేలూ మామూలే కాబట్టి పైకి అది నమ్మదగ్గ పనే.

అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్నప్పుడు ఇదే మాట దొంగచాటుగా మందు కొనుక్కోవడానికి సాకైంది. బ్రిటన్‌లో ఇప్పుడు ఎక్కువగా బాత్రూముకి, లేదా చెప్పడం ఇష్టంలేని పనికి. విన్నవాళ్ళు "ఏ జాతి కుక్క?" అని అడగరు. అడిగితే మర్యాద తప్పినట్టు.

తిట్టేసి "పార్డన్ మై ఫ్రెంచ్" అంటారు. తిట్టింది ఇంగ్లీషులోనేగా?

ఇది మొదట నిజంగా ఫ్రెంచి మాట వాడినందుకే అడిగిన క్షమాపణ. 19వ శతాబ్దంలో చదువుకున్నవాళ్ళు మాటల్లో ఫ్రెంచి దొర్లించడం గొప్ప. ఎదుటివాళ్ళకి రాకపోతే అది డాబుగా అనిపిస్తుంది, అందుకని "నా ఫ్రెంచికి మన్నించాలి" అనేవారు. 1831లో అచ్చయిన ఒక పుస్తకంలో, ఒకరు లావయ్యారని చెప్పడానికి ఫ్రెంచి మాట వాడి, పక్కనే ఈ మన్నింపు అడగడం కనిపిస్తుంది. అక్కణ్ణించి బూతుని ఫ్రెంచి అని నటించడానికి ఒక్క అడుగే. 1895 నాటికి అమెరికా పత్రికలో కూడా తిట్టు పక్కన ఈ మాట ఉంది.

బూతుకి ఫ్రెంచే ఎందుకు దొరికిందంటే, ఆ రెండు దేశాలూ శతాబ్దాల పొరుగు పగవాళ్ళు. చెప్పకుండా జారుకోవడాన్ని ఇంగ్లీషువాళ్ళు "ఫ్రెంచి సెలవు" అంటారు, ఫ్రెంచివాళ్ళు అదే పనిని "ఇంగ్లీషువాడిలా జారుకోవడం" అంటారు.

ఒక జాగ్రత్త. ఈ మాట మామూలు చిన్న తిట్టుని కప్పుతుంది, అంతే. ఉద్యోగ ఇంటర్వ్యూలో పెద్ద బూతు దొర్లితే సూటిగా "సారీ" అనడమే దారి. నిజమైన ఫ్రెంచివాళ్ళ ముందు వాడితే మొహమాటం రెట్టింపవుతుంది.

ఒక నాటకం వల్ల తిట్టుకే మారుపేరు వచ్చిందంటారు?

వచ్చింది, పుట్టినరోజుతో సహా చెప్పగలిగిన అరుదైన మాట అది. 1914 ఏప్రిల్ 11న లండన్ హిజ్ మెజెస్టీస్ థియేటర్‌లో బెర్నార్డ్ షా "పిగ్మేలియన్" మొదలైంది. పూలమ్మి ఎలైజాగా మిసెస్ ప్యాట్రిక్ క్యాంప్‌బెల్ వేశారు. పెద్దింటి టీ పార్టీలో, శుద్ధమైన ఉచ్చారణతో, ఆమె "నాట్ బ్లడీ లైక్లీ", అంటే చస్తే కుదరదు, అనేసింది. "బ్లడీ" ఆనాటికి నాటకశాలలో వినకూడని మాట. హాలంతా నవ్వులు, మర్నాడు పత్రికల్లో గొడవ. జనం తెలివిగా ఆ తిట్టు తీసేసి దాని స్థానంలో నాటకం పేరు పెట్టారు: "నాట్ పిగ్మేలియన్ లైక్లీ". చాలా ఏళ్ళు నడిచింది ఈ మాట. ఇప్పుడు పాతబడిపోయింది, మళ్ళీ వాడితే బావుంటుందని మా అభిప్రాయం.

"బ్లడీ" అనేది "బై అవర్ లేడీ", అంటే మరియమ్మ మీద ఒట్టు, అనేదాని అరిగిన రూపమని చాలామంది చెబుతారు. దానికి ఆధారం లేదు.

కోపమొస్తే "గోర్డన్ బెనెట్!" అంటారు. ఈయనెవరు?

జేమ్స్ గోర్డన్ బెనెట్ జూనియర్, 1841 నుంచి 1918 దాకా బతికిన అమెరికన్ పత్రికాధిపతి. ఆఫ్రికాలో జాడ తెలియకుండా పోయిన అన్వేషకుడు లివింగ్‌స్టన్‌ని వెతకడానికి విలేఖరి స్టాన్లీని పంపింది ఈయన "న్యూయార్క్ హెరాల్డ్" పత్రికే. ఈయన పేరుమీద జరిగిన మోటారు పందేల్లో 1903 నాటిది ఐర్లండ్‌లో జరిగింది, బ్రిటన్ రోడ్లమీద పందేలు చట్టవిరుద్ధం కాబట్టి. పేరు అలా అందరి నోళ్ళలో పడింది.

దేవుడి పేరు తిట్టుగా వాడడం పాపమని భయం. "గాడ్" అనబోయి నాలుక మడిచి "గోర్" అంటారు, "గోర్ బ్లైమీ" అలా వచ్చిందే. "గోర్" దాకా వచ్చిన నోటికి "గోర్డన్ బెనెట్" సిద్ధంగా దొరికింది. అచ్చులో 1937 నాటి ఒక లండన్ నవలలో కనిపిస్తుంది. ఆయన విలాసాల గురించీ, మత్తులో చేసిన పనుల గురించీ చెప్పే కథలు ఎన్నో ఉన్నాయి. నానుడికి అవి అక్కర్లేదు, పేరులోని మొదటి శబ్దం చాలు.

జిప్పు తెరిచి ఉంటే వాళ్ళేమంటారు?

ఈ విషయంలో మనమూ తక్కువ తినలేదు. "పోస్టాఫీసు తెరిచుంది" అని చెవిలో చెప్పడం మన దగ్గర స్కూలు పిల్లలందరికీ తెలిసిందే. వాళ్ళు "యూ ఆర్ ఫ్లయింగ్ లో" అంటారు, అంటే కిందగా ఎగురుతున్నావని. ప్యాంటు ముందు తెరుచుకునే భాగాన్ని ఇంగ్లీషులో "ఫ్లై" అంటారు కాబట్టి కుదిరిన శ్లేష. "గడ్డం మీద గుడ్డు అంటింది" అనేది ఇంకోటి, దీనికి తర్కం వెతక్కూడదు.

పాతవాటిలో మనకి దగ్గరి సంబంధం ఉన్నది "అబిసీనియన్ మెడల్". 1867-68లో అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా, మీదికి రాబర్ట్ నేపియర్ నాయకత్వాన వెళ్ళిన సైన్యం బయల్దేరింది బొంబాయి నుంచి. అందులో భారతీయ సిపాయిలు ఎక్కువ, వెంట 44 ఏనుగులు కూడా వెళ్ళాయి. 1868 ఏప్రిల్ 13న మగ్దలా కోట పడింది. ఆ యుద్ధానికిచ్చిన పతకం తొమ్మిది కోణాల నక్షత్రంలా, గుండ్రంగా మెరుస్తూ ఉండేది. అప్పట్లో ప్యాంట్లకి జిప్పుల్లేవు, బొత్తాలే. పొట్ట కింద ఒక బొత్తాం కాజా తప్పి మెరుస్తూ కనిపిస్తే సైనికులు "అబిసీనియన్ మెడల్ వేసుకున్నావే" అనేవారు. 1909లో వచ్చిన జేమ్స్ రెడింగ్ వేర్ నిఘంటువు ఈ మాటనీ, యుద్ధంతో దాని సంబంధాన్నీ నమోదు చేసింది. మగవాళ్ళ ప్యాంట్లలోకి 1930ల్లో జిప్పులు రావడంతో బొత్తాం జోకుకి ఆధారం పోయింది.

ఇలాంటిది చెప్పేటప్పుడు పక్కకి తీసుకెళ్ళి ఒక్కరికే చెప్పాలి. అందరిముందూ అంటే కప్పాల్సింది పోయి చాటింపు వేసినట్టే.

"చార్లీస్ డెడ్" అని ఆడపిల్లలు చెప్పుకునేవారట?

గౌను కిందినుంచి లోపలి లంగా అంచు కనిపిస్తే చెప్పే రహస్య సంకేతం. 20వ శతాబ్దం మధ్యలో స్కూలు పిల్లల మాటల్లో బాగా నడిచింది. చార్లీ ఎవరన్నదానికి రాజు ఒకటో చార్లెస్, రెండో చార్లెస్, స్కాట్లాండ్ యువరాజు చార్లీ అని ముగ్గుర్ని చెబుతారు. 17, 18 శతాబ్దాల రాజులకీ, 20వ శతాబ్దపు స్కూలు మాటకీ మధ్య వారధి లేదు. ఎవరైనా చనిపోతే జెండాని సగం కిందికి దించుతారు కదా, లంగా అంచు అలా కిందికి దిగిన జెండాలా ఉందన్న పోలికే మాకు నమ్మదగ్గదిగా తోస్తుంది.

"నటి బిషప్‌తో అన్నట్టు" అనే మాట ఎప్పుడు వాడతారు?

ఎవరో అమాయకంగా అన్న వాక్యానికి ఇంకో అర్థం వచ్చేసినప్పుడు. నలుగురు కలిసి సోఫా మోసుకొస్తున్నారు, గుమ్మం దగ్గర ఒకరు "ఇది లోపలికి పట్టేలా లేదు" అన్నారు. వెంటనే ఇంకొకరు "యాజ్ ది యాక్ట్రెస్ సెడ్ టు ది బిషప్". ఒకవైపు ఆనాటి సమాజం అనుమానంగా చూసిన నటి, మరోవైపు మచ్చలేని మతాధికారి, ఈ జంటవల్లే నవ్వు పుడుతుంది.

"ఫలానావాడు అన్నట్టు" అనే ఈ తరహాకి పాత వంశమే ఉంది. 1836-37లో భాగాలుగా వచ్చిన డికెన్స్ "పిక్విక్ పేపర్స్"లో శామ్ వెల్లర్ మాటిమాటికీ ఇలాగే మాట్లాడతాడు, అందుకే ఇలాంటి వాక్యాలకి వెల్లరిజం అని పేరొచ్చింది. నటి, బిషప్ జంట 1928లో లెస్లీ చార్టరిస్ రాసిన తొలి "సెయింట్" నవలలో కనిపిస్తుంది. 1929లో సినిమా దర్శకుడు హిచ్‌కాక్ ఒక నటి గొంతు పరీక్షిస్తూ చిత్రీకరించిన చిన్న ముక్క ఇప్పటికీ ఉంది. అందులో ఆయన "అమ్మాయి సిపాయితో అన్నట్టు" అంటాడు. అంటే ఆ రోజుల్లో పాత్రలు మారుతూ, మాట తిరుగుతూ ఉందన్నమాట. లిల్లీ లాంగ్‌ట్రీ అనే నటి, గులాబీ ముల్లు, ఒక బిషప్ వేలు అంటూ చెప్పే కథ తర్వాత అల్లింది.

పని చేసేచోట దీన్ని అసలు వాడొద్దు. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం లైంగిక ధ్వని ఉన్న అవాంఛిత మాటలు వేధింపు కిందికి రావచ్చు. 2024 అక్టోబరు 26 నుంచి ఇలాంటివి జరక్కుండా ముందుగానే చర్యలు తీసుకోవడం యజమానుల బాధ్యత కూడా అయింది. "అందరూ నవ్వారు" అనేది అక్కడ సమాధానం కాదు.

పొట్ట చప్పుళ్ళకి ఇంకేమైనా ఉన్నాయా?

చాలా. ఆకలితో పొట్ట అరిస్తే "నా గొంతు కోసేశారని నా పొట్ట అనుకుంటోంది" అంటారు, ముద్ద దిగడంలేదు కాబట్టి. మన "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి"కి జోడీ. ఇది 1540లోనే జాన్ పాల్స్‌గ్రేవ్ అనే పండితుడి అనువాదంలో ఉంది. ఈ పేజీలోని నానుళ్ళలో అచ్చు ఆధారం అన్నిటికన్నా పాతది దీనికే.

గాలి పోయాక "చెడ్డ అద్దెవాడికంటే ఖాళీ ఇల్లే మేలు" అంటారు. స్కాట్లాండ్ పాత సామెత ఇది, అక్కడ ఖాళీకి "టూమ్" అనే మాట వాడతారు. మొదట అది నిజంగా ఇళ్ళ గురించిన బుద్ధిమాట, తర్వాత పొట్టకి తగిలించారు.

పెదాలమధ్య నాలుక పెట్టి వెక్కిరింపుగా చేసే చప్పుడుని "రాస్ప్‌బెరీ" అంటారు. లండన్ ప్రాస యాసలో అపానవాయువు మాటకి, అంటే "ఫార్ట్"కి, ప్రాసగా "రాస్ప్‌బెరీ టార్ట్" పెట్టారు, తర్వాత ప్రాస కలిసే "టార్ట్" ముక్కనే కొట్టేశారు. అసలు మాటని పట్టిచ్చే ముక్క పోవడంతో, ఇప్పుడు దాన్ని పసిపిల్లల ముందు కూడా నిశ్చింతగా అంటున్నారు.

"ఎఫ్‌హెచ్‌బీ" అంటే?

అనుకోకుండా చుట్టాలొచ్చారు, కూర చాలదు. అప్పుడు తల్లి మెల్లగా "ఎఫ్‌హెచ్‌బీ" అంటుంది: ఫ్యామిలీ హోల్డ్ బ్యాక్, ఇంట్లోవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకోండి అని. పిల్లలు "నాకు ఆకలిగా లేదు" అనేస్తారు. వంటింట్లో ఇంకా ఉంటే "ఎమ్ఐకే", మోర్ ఇన్ కిచెన్. మన ఇళ్ళలో అమ్మ కనుసైగతో చేసే పనిని అక్కడ మూడక్షరాలతో చేస్తారు. చుట్టాలకి ఆ అక్షరాలు తెలిసుంటే మాత్రం పరువు పోతుంది, అందుకని ఏ ఇంటికి ఆ ఇల్లు సొంత సంకేతం పెట్టుకోవడమూ ఉంది.

జోకు పేలకపోతే?

"ఐల్ గెట్ మై కోట్". కోటు తెచ్చుకుంటా, ఇక వెళ్ళిపోతా అని. 1994లో బీబీసీలో మొదలైన "ది ఫాస్ట్ షో" అనే హాస్య కార్యక్రమంలో మార్క్ విలియమ్స్ వేసిన పాత్ర ఊతపదం ఇది. నలుగురిలో తప్పుమాట అనేసి, నిశ్శబ్దం కమ్ముకోగానే ఇది అని వెళ్ళిపోతాడు. ఆ కార్యక్రమం చూడనివాళ్ళు కూడా ఇప్పుడు వాడుతున్నారు. అన్నాక నిజంగా లేచి వెళ్ళిపోనక్కర్లేదు. పబ్బులో ఎవరి చేతిలోంచైనా గ్లాసు జారి పగిలితే "శాక్ ద జగ్లర్!" అని కేక వినిపిస్తుంది, ఆ గారడీవాణ్ణి పనిలోంచి తీసెయ్యండి అని. అవమానం అనుకోవద్దు. చేతులెత్తి చిన్నగా వంగి నమస్కరిస్తే హాలంతా మీవైపే.

రాజకీయాల్లో ఇలాంటివి లేవా?

అక్కడ సిగ్గుతోపాటు చట్టం భయం కూడా ఉంది. ఒక మంత్రి తాగి ఉన్నాడని రాస్తే పరువునష్టం దావా పడొచ్చు, సభలో సభ్యుణ్ణి అబద్ధాలకోరు అంటే స్పీకర్ ఒప్పుకోరు. 1967లో వ్యంగ్య పత్రిక "ప్రైవేట్ ఐ", విదేశాంగ మంత్రి జార్జ్ బ్రౌన్ గురించి "టైర్డ్ అండ్ ఎమోషనల్" అనే ధోరణి మొదలుపెట్టింది. "అలసిపోయి, భావోద్వేగంతో ఉన్నారు" అంటే బాగా పుచ్చుకున్నారని. 1906 ఫిబ్రవరి 22న చర్చిల్ కామన్స్ సభలో "టెర్మినలాజికల్ ఇనెగ్జాక్టిట్యూడ్" అన్నాడు, పదప్రయోగంలో ఖచ్చితత్వం లోపించడం అని. తర్వాత అది అబద్ధానికి మర్యాదపేరైంది. 1986లో సిడ్నీ కోర్టులో బ్రిటన్ కేబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ "నిజం విషయంలో పొదుపు" అనే మాట వాడాక అది ఇంటింటి మాటైపోయింది.

వాడకూడనివి ఉన్నాయా?

"స్వీట్ ఎఫ్ఏ" గురించి తెలుసుకుని తీరాలి. "ఏమీ లేదు" అని అర్థం, రెండక్షరాల వెనక బూతు దాక్కుని ఉందని అందరూ అనుకుంటారు. అసలు ఆ అక్షరాలు ఒక పసిపిల్లవి. 1867 ఆగస్టు 24న హాంప్‌షైర్‌లోని ఆల్టన్ అనే ఊళ్ళో ఎనిమిదేళ్ళ ఫ్యానీ ఆడమ్స్‌ని దారుణంగా చంపి ముక్కలు చేశారు. హంతకుడు ఫ్రెడరిక్ బేకర్ ఒక లాయరు గుమాస్తా, అదే ఏడాది డిసెంబరు 24న వించెస్టర్‌లో ఉరితీశారు. ఆ రోజుల్లోనే నౌకాదళానికి డబ్బాల్లో గొర్రెమాంసం రావడం మొదలైంది. రుచి నచ్చని నావికులు ఆ పిల్ల పేరు దానికి పెట్టారు. పనికిరానిది అన్న అర్థం అలా వచ్చి, తర్వాత "ఏమీ లేదు"గా మారింది. బూతు పొడి అక్షరాలు అదే జంట కావడంతో దాన్ని కప్పడానికి పనికొచ్చింది. తెలిసి తెలిసి దీన్ని సరదాకి వాడడం మాకు సమ్మతం కాదు.

ఎవరైనా కొత్త పుట్టుక కథ చెబితే ఎలా పరీక్షించాలి?

ముందు ఆ కథ జరిగిన ఏడాది కాగితం మీద రాయండి. తర్వాత ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో ఆ మాటకిచ్చిన తొలి ఉదాహరణ ఏడాది చూసి పక్కన రాయండి. బ్రిటన్‌లో చాలా గ్రంథాలయాల కార్డుతో ఆ నిఘంటువుని ఇంటినుంచే ఉచితంగా చూడొచ్చు. రెండు ఏడాదుల మధ్య యాభై ఏళ్ళకి మించి ఎడం ఉంటే, ఆ మధ్యకాలంలో ఒక్క ఉదాహరణైనా వెతకండి. పాత పత్రికలని డిజిటల్‌గా పెట్టిన బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ దీనికి పనికొస్తుంది. బాత్రూము, బూతు మాటలకైతే ఎడాన్ని కాస్త ఓపిగ్గా చూడాలి, అవి అచ్చుకి ఆలస్యంగా ఎక్కుతాయి కాబట్టి.

దొరికిన తొలి ఉదాహరణలో రచయిత మాటకి అర్థం వివరించాడా లేదా గమనించండి. వివరించకపోతే, అప్పటికే జనానికి తెలిసిన మాట, పుట్టుక ఇంకా వెనకటిది. ఆఖరుగా, ఏ మాటనైనా పొడి అక్షరాలు విప్పి వివరిస్తే గట్టిగా అనుమానించండి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు అలా పుట్టిన మాటలు చాలా తక్కువ. ఇండియాకి వచ్చే పీ అండ్ ఓ ఓడల్లో, వెళ్ళేటప్పుడు ఎడమవైపు, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు గదులు తీసుకునే ధనికుల టికెట్ల మీద వేసిన "పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్" (వెళ్ళేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి) పొడి అక్షరాల నుంచి "పాష్", అంటే దర్జా అయిన, అనే మాట వచ్చిందని చెప్పే కథ అలాంటిదే. అలా ముద్రవేసిన టికెట్ ఒక్కటీ ఇప్పటిదాకా దొరకలేదు.